బీమా మావ అరచెయ్యి

మా పేట వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక ఫోటో వచ్చింది. పూలదండ వేసిన ఫోటో. దాని కింద ఎవరో "మన బీమా మావ ఇక లేరు" అని రాశారు. నేను అప్పుడు సాలూరులో మా బడి స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డులు చూస్తున్నాను. చూస్తుండగానే చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. మంచి మనిషి, అందరివాడు, మన పేటకి పెద్దదిక్కు, ఆత్మకి శాంతి కలగాలి. నేను కూడా ఏదో ఒకటి పెట్టాలి కదా అని ఫోను తీసి "మంచి" అని కొట్టాను. చెరిపేసి ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను.

పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఆయన ఉన్నన్నాళ్ళూ మాట్లాడనిచ్చారా మరి? ఆయన ఎదురుగా నేను నోరు విప్పబోతే మా పేటలో పది నోళ్ళు నన్ను మూయించాయి. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆయన పిల్లలు నాకేమీ చెయ్యలేదు.

పొట్టి మనిషి. తెల్ల చొక్కా, జేబు అడుగున ఎప్పుడూ ఒక నీలం మరక. భుజానికి రెక్సిన్ సంచీ. ఏ మాటైనా అనే ముందు నాలుగు సోపు గింజలు నోట్లో వేసుకునేవాడు. అవి నమలడం అయ్యేదాకా అవతలివాళ్ళు ఆయన మొహం చూస్తూ కూర్చోవాలి. శ్రీకాకుళం నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. మా పేట కళింగపట్నం పక్కన, వంశధార సముద్రంలో కలిసే మొగకి కాస్త ఎడంగా ఉంటుంది. మగవాళ్ళు వేటకి వెళతారు, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టి సంతలకి మోస్తారు. బోట్లు ఒడ్డుకొచ్చి, చేపల వేలంపాట అయిపోయి, జనం కాస్త స్థిమితపడే వేళ చూసుకుని దిగేవాడు ఈ ఏజెంటు. మిగతా ఆఫీసుల వాళ్ళు మా వీధిలోకి వస్తే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఈయన బోర్లించిన గంప మీద చతికిలబడి, ఇంటావిడని అక్క వరస కలిపి, "అప్పా, కాసింత అంబలొయ్యి," అనేవాడు. ఎండు నెత్తళ్ళు నంజుకుంటూ లోటా ఖాళీ చేసేవాడు. దాంతో పేటంతా ఆయన సంచీలో పడిపోయింది.

ఎవరింట్లో ఏ పిల్ల ఎప్పుడు పుట్టిందో తల్లులకి తెలియదు, ఆయనకి తెలుసు. "ఇది పెద్ద గాలివాన ఎలిసిన మూడోనాడు పుట్టినాది," అని మా అమ్మ అంటే, కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టి ఒక తేదీ చెప్పాడు. బడిలో అదే రాశారు. నా సర్టిఫికెట్లన్నిటి మీదా అదే ఉంది. నా పుట్టినరోజు కూడా ఆ మనిషి పెట్టిందే. తలుచుకుంటే అదింకో మంట.

ఆయన అనగానే నాకు ముందు గుర్తొచ్చేది మొహం కాదు, ఎడమ అరచెయ్యి. ఫారం తీసి పీట మీద పరిచి, సంతకం కావలసిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టేవాడు. తర్వాత ఎడమ అరచేతిని వేళ్ళు విప్పి కాగితం మీద ఆనించేవాడు. సముద్రపు గాలికి ఎగిరిపోకుండా పట్టుకున్నాడనుకునేవాళ్ళం. ఆకు కదలని రోజున కూడా ఆ చెయ్యి అక్కడే ఉండేది. అచ్చంతా చేతి కింద మునిగిపోయి పెన్సిలు గుర్తొక్కటే బయటికి కనబడేది. "ఏటి రాసున్నాది మావా?" అని ఎవరైనా అడిగితే, "సదవడం మా పని, సంతకం మీ పని," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. సంతకం అయ్యాక కాగితాన్ని మొహం దగ్గరికి తీసుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదేవాడు. బాల్ పెన్ను రాతకి ఊదడమేమిటో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అప్పట్లో మాత్రం అదేదో మంత్రం అనుకుని పిల్లలం చుట్టూ మూగి చూసేవాళ్ళం.

ఆయనకి ఇంకో మాటుండేది. "సముద్రం సంతకం అడగదు బావా. కంపెనీ అడుగుతాది." వేటకి వెళ్ళేవాడికి ఈ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలేది. ఒకడు కాదంటే పక్కింటివాడే వాడికి నచ్చజెప్పేవాడు.

ఒప్పుకోవలసినవి కూడా ఉన్నాయి, ఒప్పుకోవడానికి ఒళ్ళు మండినా సరే. ఆయన ఎవరి డబ్బూ తినలేదు. కిస్తు చేతికిస్తే మర్నాడు రసీదు తెచ్చేవాడు. ఎవరైనా పోతే చుట్టాలకంటే ముందు వచ్చేవాడు, పాడె మోసేవాడు, నిజంగానే ఏడ్చేవాడు. ఆయన చేసిందల్లా ఒక పూట పని మిగుల్చుకోవడం. ఇప్పుడు నాకు ఆ నిబంధనలన్నీ కంఠతా వచ్చు. చదువు రానివాడు వేలిముద్ర వేస్తే, కంపెనీతో సంబంధం లేని పెద్దమనిషి ఒకరు దగ్గరుండి సాక్షి సంతకం చెయ్యాలి. ఫారంలో ఉన్నదంతా అతని భాషలో చదివి చెప్పామని, అతనికి అర్థమైందని విడిగా రాసివ్వాలి. మైనరు పేరున పాలసీ అయితే పిల్లల చేత సంతకం పెట్టించకూడదు, వాళ్ళ తరఫున తండ్రో తల్లో పెట్టాలి. ఇవన్నీ చెయ్యాలంటే ఇంటికో పూట పడుతుంది. చేపల కంపులోకి రమ్మని ఒక పెద్దమనిషిని బతిమాలుకోవాలి. అదే సంతకమైతే చిటికెలో పని. ఆ చిటికె కోసం ఆయన మా పేట పిల్లల చేతులు వాడుకున్నాడు.

మా పేటలో ఒక అలవాటు ఉండేది. ఇంట్లో బడికెళ్ళే పిల్ల ఉంటే ఆ ఇంటి సంతకం ఆ పిల్లదే. రేషను పుస్తకమైనా, బడి ప్రోగ్రెస్ కార్డైనా తండ్రి పేరు పిల్లే రాసేది. దొంగతనంగా కాదు, తండ్రి పక్కన కూర్చుని బీడీ కాలుస్తూ చూస్తుండగానే. పిల్ల నీళ్ళు తెస్తుంది, చెల్లికి జడ వేస్తుంది, సంతకం పెడుతుంది. ఇందులో తప్పేముందో ఎవరికీ తోచలేదు. సాలూరులో కూడా చూస్తున్నాను, లారీ డ్రైవర్ల పిల్లలు తండ్రి రోడ్డు మీదున్నాడని ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్ళే సంతకం చేసి తెస్తారు. రాత చూడగానే పట్టేస్తాను. కార్డు వెనక్కిచ్చేసి, నాన్న వచ్చేదాకా నెల రోజులైనా ఆగుతానని చెబుతాను. నన్ను రాక్షసి అంటారట. అననీ.

మా నాన్నకి చదువు లేదు. బ్యాంకు పుస్తకంలో, మత్స్యకారుల సంఘం పుస్తకంలో వేలిముద్రే వేసేవాడు. మిగతావన్నీ నేనే. ఆయన పేరు రాయడానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మొదటి అక్షరానికి పొడుగు తలకట్టు, చివర కిందనుంచి వెనక్కి లాగిన గీత, ఆ గీత కింద రెండు చుక్కలు. చుక్కలెందుకని మాస్టారు ఒకసారి అడిగారు. అందం కోసమని చెప్పాను.

నాకప్పుడు పదకొండేళ్ళు. నాన్న వేట నుంచి వచ్చి వల ఆరేసి కూర్చున్నాడు. అమ్మ వాకిట్లో చేపలు కోస్తోంది. బీమా మావ పీట మీద ఫారం పరిచాడు. పిల్లల పాలసీ అది, నా పేరున. నాన్నకేమైనా అయితే ఆ పైన కిస్తులు కట్టక్కర్లేదు, నాకు పద్దెనిమిది నిండాక డబ్బంతా వస్తుంది, చదువుకో పెళ్ళికో వాడుకోవచ్చు. ఇంతవరకూ నోటితో బాగానే చెప్పాడు.

"నాకు యేలిముద్రే బావా," అన్నాడు నాన్న, బొటనవేలు చూపిస్తూ.

బీమా మావ సోపు నమిలాడు. "ఇంట్లో కలెక్టరుండగా యేలిముద్రేటి బావా? యేలిముద్రంటే సాచ్చులు కావాల, పెద్దమనిషి కావాల, నాను ఏడు గడపలు తిరగాల. మన గుంట ఉన్నాది కదా." నా వైపు తిరిగాడు. "ఏటమ్మా, మీ నాన్న పేరు రాస్తావా?"

"మా గుంట రాత సూడు, అచ్చేసినట్టుంటాది," అన్నాడు నాన్న.

అరచెయ్యి కాగితం మీద వాలింది. నేను నాలుగు చోట్ల నాన్న పేరు రాశాను, నాలుగు చోట్లా గీత, గీత కింద రెండు చుక్కలు. నేను మైనరునని రాసున్న నా పాలసీ కాగితం మీద, మేజరైన మా నాన్న సంతకం నేను పెట్టాను. బీమా మావ ఊది, నాన్నకి ఎత్తి చూపించాడు. నాన్న తల ఊపుతూ అమ్మకేసి చూశాడు. అమ్మ కత్తిపీట మీద నుంచే నవ్వింది. ఆ రోజు నేనెంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ వారం మా వీధిలో ఇంటింటికీ ఇదే జరిగింది. బడి నుంచి వస్తున్న పిల్లల్ని దారిలోనే ఆపి, "మీ అయ్య పేరు రాయడం వొచ్చా?" అని అడిగి ఇంటికి వెంటబెట్టుకెళ్ళేవాడు.

మూడేళ్ళ తర్వాత మొగ దగ్గర అలకి మా నాన్న తెప్ప తిరగబడింది. మర్నాడు ఒడ్డుకొచ్చాడు. దాన్ని గురించి నేను ఇంతకంటే రాయలేను.

క్లెయిము పెట్టారు. నాన్న వేలిముద్రలు బ్యాంకులో ఉన్నాయి, ఫారం మీద అందమైన సంతకం ఉంది. కంపెనీకి అనుమానం వచ్చి విచారణకి ఒక ఆఫీసర్ని పంపుతానంది. ఆయన వచ్చే ముందురోజు బీమా మావ వచ్చి నన్ను గోడ పక్కకి పిలిచాడు. "మీ నాన్న రాత్రిబడికెల్లి సంతకం నేర్సుకున్నాడని సెప్పు. అంతే. ఇంకొక్క ముక్క అనకు," అన్నాడు. నేను తలూపాను. అబద్ధమాడటానికి నేను సిద్ధంగానే ఉన్నాను. ఈ సంగతి కూడా దాచను.

ఆఫీసరు బక్కపలచని మనిషి, మర్యాదస్తుడు. గుమ్మంలో కుర్చీ వేయించుకుని ఫారం తీశాడు. చుట్టూ వీధంతా మూగింది. బీమా మావ ఆయన వెనక నిలబడ్డాడు.

"ఇది మీ ఆయన సంతకమేనా అమ్మా?"

"నాకు సదువు రాదు బాబూ," అంది అమ్మ.

"నీకు వచ్చు కదా పాపా. ఎవరిది?"

"మా నాన్నదే. రాత్రిబడిలో నేర్సుకున్నాడు," అన్నాను.

ఆయన కోప్పడలేదు. సంచీలోంచి తెల్లకాగితం తీసి నా ముందు పెట్టాడు. "నాన్న పేరు ఒకసారి రాయమ్మా," అన్నాడు.

వంకరగా రాస్తే సరిపోయేది. అక్షరాలు చెదరగొట్టి, గీత మానేసి, చుక్కలు మానేసి రాయొచ్చు. ఆ ఉపాయం నాకు అప్పుడే తట్టింది కూడా. నాన్న పోయి ఇరవై రోజులు. ఆయన పేరు వంకరగా రాయడానికి నా చెయ్యి రాలేదు. పొడుగు తలకట్టు పెట్టాను, గీత లాగాను, రెండు చుక్కలు పెట్టి పెన్ను కింద పెట్టాను.

ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, వెనక్కి తిరిగి బీమా మావ మొహంలోకి చూశాడు.

ఆయన సోపు నోట్లో వేసుకుని, నమిలి, మింగి, అప్పుడు చెప్పాడు. "నాకేటి తెల్సు సార్. నాను కాయితమిచ్చి ఎలిపోనాను. మర్నాడు సంతకమెట్టి ఇచ్చినారు. గుంటే పెట్టీసిందని నాకు తెల్దు."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల చూపులు చూస్తోంది. వీధి వైపు చూశాను. అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడి ఉన్నారు. అరచెయ్యి సంగతి తెలియనివాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. "బోరింగుకెల్లి సారుకి నీళ్ళట్టుకురా," అంది అమ్మ నాతో. బిందె పట్టుకుని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆఫీసరు సంచీ సర్దుకుంటున్నాడు.

క్లెయిము కొట్టేశారు. ప్రపోజరు, అంటే పాలసీ కట్టే మా నాన్న, ఆయన సంతకం ఆయనది కాదు కాబట్టి అసలు పాలసీయే లేదన్నారు. మైనరు పెట్టిన సంతకానికి విలువ లేదు కానీ, మైనరు మీద వేసిన నిందకి మాత్రం బోలెడంత విలువ ఉంది. ఆ రోజు నుంచి మా పేటలో నా పేరు "అయ్య డబ్బు తినేసిన గుంట". ఎదురింటి ఆవిడ పెట్టిన పేరది. కుళాయి దగ్గర, బడి దారిలో, పెళ్ళి పందిట్లో అదే పేరు. నేను చదువుకున్నది తెలివితో కాదు, కసితో. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత ఏ కాగితమూ నా చేతికివ్వలేదు. రేషను పుస్తకానికైనా పక్క వీధికి వెళ్ళి ఎవరి చేతో రాయించుకునేది. నేను చెయ్యి చాపితే కాగితం వెనక్కి లాక్కునేది. అన్నిటికంటే అదే నన్ను ఎక్కువ కాల్చింది.

నాకు ఉద్యోగం వచ్చాక పేటలో ఒక పెళ్ళిలో ఆయన కనబడ్డాడు. జుట్టు నెరిసింది, సంచీ అదే. "ఏటమ్మా టీచరమ్మా, నీ రాత ఇంకా అలగే ఉన్నాదా?" అన్నాడు. చేతిలో విస్తరి లేకపోతే ఏం చేసేదాన్నో తెలియదు.

"ఆ సంతకం నా చేత ఎవరు పెట్టించినారు మావా?" అన్నాను, నలుగురికీ వినబడేట్టు.

సోపు నమిలాడు. "సిన్నతనం మాటలు పెద్దయ్యాక ఏరుకోకూడదమ్మా," అన్నాడు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు నన్నే కసురుకున్నారు, పెద్దాయనతో అదేం మాటని. ఆయన అటు తిరిగి ఎవరి చంటిదానికో పుట్టిన తేదీ చెబుతున్నాడు. అదే నేను ఆయన్ని ఆఖరుసారి చూడటం.

ఫోటో వచ్చిన తర్వాతి ఆదివారం పేటకి వెళ్ళాను. అమ్మ ఇసుకలో పట్టా పరిచి నెత్తళ్ళు ఆరబోస్తోంది. చావు ఇంటికి వెళ్ళొచ్చిందట, శ్రీకాకుళం దాకా, బస్సెక్కి.

"పాపం, మంచోడు," అంది.

నేను ఇన్నేళ్ళు దాచుకున్నదంతా ఆ పట్టా మీద కుమ్మరించాను. ఆడు మంచోడేటి అన్నాను. నా చేత పెట్టించింది ఆడు, నన్ను దొంగని చేసింది ఆడు, నువ్వు నమ్మింది ఆడినే అన్నాను. నన్ను కాగితం ముట్టుకోనివ్వలేదన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది, అయినా ఆపలేదు.

అమ్మ నా మాట అయ్యేదాకా ఆగింది. "ఆడు పెట్టించినాడని నాకు తెల్దేటి? నానక్కడే ఉన్నాను కదా," అంది.

నేను పట్టా అంచున కూర్చున్నాను.

"నువ్వు నీళ్ళకెల్లినావు. ఆ సారు నన్నడిగినాడు. ఏజెంటే పెట్టించినాడని సెప్పమ్మా, ఆడి మీద ఎంకైరీ ఏస్తాం, ఆడు రాసిన కాయితాలన్నీ బయటికి తీస్తాం అన్నాడు. మాకు డబ్బొస్తాదా బాబూ అన్నాను. అది సెప్పలేనన్నాడు. ఈ వీదిలో కాయితాలన్నీ మీ గుంటలు పెట్టినవే కదా. మగోళ్ళందరూ సముద్రం మీదున్నారు. మనది ఎలాగా పోనాది. మనతోపాటు అందరివీ పోవాలేటి?"

"అయితే?"

"నా కూతురే ఎవలికీ తెల్కుండా పెట్టీసిందని సెప్పినాను. ఆ సారు తెలుగులో రాసినాడు. మొత్తం సదివి ఇనిపించినాడు, రెండుమాట్లు. అర్తమైందా అమ్మా అనడిగినాడు. బయటి నుంచి ఇద్దరు సాచ్చుల్ని పిలిసినాడు. అప్పుడు యేలిముద్రేసినాను."

మా వీధిలో నిబంధనల ప్రకారం నడిచిన కాగితం అదొక్కటే అన్నమాట. చదివి వినిపించారు, అర్థమైందని రాసుకున్నారు, సాక్షులున్నారు. నా మీద నేరం మోపిన కాగితం.

"ఎదురింటోడు పోయినప్పుడు ఆడి పిల్లలకి డబ్బొచ్చింది," అంది అమ్మ. "ఇంకో ఇంటికీ వొచ్చింది. నువ్వొక్కదానివి మోస్తే సరిపోయింది. మళ్ళీ నీ చేత ఏదైనా రాయిస్తే నీ మీద ఇంకోటి పడిపోతాదని బయమేసి కాయితాలు ఇవ్వలేదు."

ఎదురింటికి. నాకు పేరు పెట్టిన ఆ ఇంటికి. లెక్క చూస్తే అమ్మ చేసింది సబబే కావచ్చు. నాకు లెక్కలొద్దు.

"నన్నొక్క మాట అడగాల కదా అమ్మా."

"నీకప్పుడు పద్నాలుగేళ్ళు. సిన్నపిల్లని నిన్నేటడుగుతాను?"

"సంతకానికి పదకొండేళ్ళు సరిపోయినాయి కదా," అన్నాను.

అమ్మ వంగి చేపలు తిరగేస్తూనే ఉంది. నేను లేచి బస్సుకి వెళ్ళిపోయాను.